బోటు ఇంజను స్టార్టు కానప్పుడు: బ్యాటరీ నుంచి ప్లగ్గు వరకు వెతికే పద్ధతి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులు బోట్లు ఒడ్డున ఇసుక మీదనో, కాలువలో కట్టుకొయ్యల దగ్గరనో ఉప్పుగాలికీ ఎండకూ నిలిచి ఉంటాయి. నిషేధం ముగిసిన రోజున తాళంచెవి తిప్పితే ఇంజను పలకకపోవడం ఉప్పాడ నుంచి నిజాంపట్నం వరకు ఏ రేవులోనైనా కనిపించేదే. అప్పుడు సాధారణంగా జరిగేది ఏమిటంటే, ముందు బ్యాటరీ మారుస్తారు; దానితోనూ కాకపోతే సెల్ఫ్ మోటారు (ఇంజనును తిప్పి అందించే స్టార్టరు) విప్పుతారు; అదీ కాకపోతే ప్లగ్గులు కొంటారు. మూడూ మార్చాక, చివరకు బ్యాటరీ నెగెటివ్ తీగను ఇంజను దిమ్మకు బిగించిన ఎర్త్ బోల్టు కింద పట్టిన చిలుమే కారణమని తేలుతుంది. నేను చూసిన మొరాయింపులలో ఎక్కువ భాగం భాగాలు చెడిపోవడం వల్ల వచ్చినవి కావు. రెండు భాగాలు కలిసే అతుకుల దగ్గర వచ్చినవే. ఈ వ్యాసం ఆ అతుకులను ఏ వరుసలో, ఏ కొలతతో వెతకాలో చెబుతుంది.

ఇక్కడ లెక్కలోకి తీసుకున్నది పన్నెండు వోల్టుల బ్యాటరీతో, సెల్ఫ్ స్టార్టు ఉన్న పెట్రోలు అవుట్‌బోర్డు (బోటు వెనుక అంచుకు బయట తగిలించే) ఇంజనుతో నడిచే చిన్న ఫైబర్ బోటు. గోదావరి మీద తిరిగే చిన్న విహార బోట్లకూ, కోరింగ మడ అడవుల కాలువలలో తిరిగే బోట్లకూ ఇదే వర్తిస్తుంది. డీజిలు ఇంజనుకు ప్లగ్గూ స్పార్కూ ఉండవు కాబట్టి అందులో సెల్ఫ్ తిరగడం వరకు చెప్పిన భాగం మాత్రమే పనికి వస్తుంది. అది తిరిగి కూడా అందుకోకపోతే చూడవలసింది డీజిలు లైనులో చేరిన గాలినీ, ఫిల్టరునూ.

పని మొదలుపెట్టే ముందు

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. అది పైకి లేచి పోకుండా బోటు అడుగున, పలకల కింద చేరి నిలుస్తుంది. బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఈ రెండింటికీ ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి మూతలు తీసి, కొంతసేపు గాలి ఆడనిచ్చి, అడుగున ముక్కు పెట్టి వాసన చూశాకే తీగలను ముట్టుకోవాలి. పెట్రోలు వాసన తగిలితే విద్యుత్ పని పక్కన పెట్టి ముందు కారుతున్న చోటును పట్టుకోవాలి. చుట్ట, బీడీ ఒడ్డునే ఉండాలి. బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ తీగను ముందు తీయాలి, బిగించేటప్పుడు దానిని చివర బిగించాలి. అలా చేస్తే పాజిటివ్ మీద ఉన్న పానా పొరపాటున ఇంజనుకు తగిలినా షార్టు కాదు. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసివేయడం మంచిది. బ్యాటరీ రెండు కొనల మధ్య చిక్కిన ఉంగరం క్షణాలలో ఎర్రగా కాలుతుంది.

కావలసిన సామాను తక్కువే. మామూలు డిజిటల్ మల్టీమీటరు, కారు ఇండికేటరుకు వాడే 21 వాట్ల బల్బుకు రెండు తీగలు అతికించి చేసుకున్న టెస్టు లైటు, పానాలు, ప్లగ్గు పానా, తీగల బ్రష్షు, ఉప్పు కాగితం (గరుకు కాగితం) ఉంటే సరిపోతుంది. ఉప్పు చేసిన చేటును గీకి తీయడానికి వాడే కాగితానికి ఆ పేరు ఎలా వచ్చిందో గాని, మన పనికి మాత్రం అతికినట్టు సరిపోయింది. టెస్టు లైటును తక్కువగా చూడకూడదు. మల్టీమీటరు దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి, వందపోగుల తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా అది పన్నెండు వోల్టులు చూపిస్తుంది. బల్బు ఒకటిన్నర ఆంపియరు పైగా లాగుతుంది. తీగ చచ్చి ఉంటే అది మసకగా వెలిగి నిజం చెబుతుంది.

ముందు చెవితో వినాలి

తాళంచెవి తిప్పినప్పుడు వచ్చే శబ్దమే వెతకవలసిన దారిని సగం తేల్చి చెబుతుంది. ఒకరు తాళంచెవి తిప్పుతుంటే మరొకరు ఇంజను దగ్గర చెవి పెట్టి వినడం ఉత్తమం.

శబ్దమే లేకపోతే కరెంటు సొలినాయిడ్ (తాళం నుంచి వచ్చే చిన్న కరెంటుతో సెల్ఫ్‌కు పెద్ద కరెంటును కలిపే స్విచ్) వరకు చేరడం లేదు, లేదా చేరినా అది పని చేయడం లేదు. ఈ సందర్భంలో పానా పట్టుకునే ముందు నాలుగు చిన్న విషయాలు చూడాలి. బ్యాటరీ మెయిన్ స్విచ్ వేసి ఉందా? గేరు లీవరు సరిగ్గా న్యూట్రల్‌లో ఉందా? కిల్ స్విచ్ క్లిప్పు (నడిపేవాడు పడిపోతే ఊడి ఇంజనును ఆపే తాడు క్లిప్పు) తన స్థానంలో ఉందా? ఫ్యూజు బాగుందా? ఇవి చిన్నపిల్లల ప్రశ్నలలా కనిపిస్తాయి గాని, ముప్పై ఏళ్లుగా సముద్రం మీద తిరుగుతున్న సరంగులు కూడా వీటి దగ్గరే బోల్తా పడతారు. గేరులో ఉన్నప్పుడు ఇంజను స్టార్టు కాకుండా ఆపే స్విచ్ కంట్రోల్ బాక్సులో ఉంటుంది. లీవరు కేబులు కొద్దిగా సాగినా, స్విచ్ జరిగినా న్యూట్రల్‌లో ఉన్నప్పటికీ అది గేరులో ఉన్నట్టే భావిస్తుంది. తాళంచెవి తిప్పి పట్టుకుని లీవరును న్యూట్రల్ దగ్గర అటూ ఇటూ చాలా కొద్దిగా కదిలిస్తే ఒక చోట సెల్ఫ్ అందుకుంటుంది. అలా అందుకుంటే లోపం దొరికినట్టే. ఫ్యూజును కంటితో చూసి బాగుందని తేల్చకూడదు. దానిని బయటకు తీసి మీటరుతో చూడాలి, అది కూర్చునే గాడిలోని రేకులనూ చూడాలి. ఫ్యూజు బాగుండి, రేకులు పచ్చగా చిలుము పట్టి ఉండడం తరచుగా జరిగేదే.

ఇవన్నీ సరిగ్గా ఉంటే సొలినాయిడ్ మీది సన్నని తీగ దగ్గరకు వెళ్లాలి. టెస్టు లైటు ఒక కొనను ఆ తీగకు, రెండో కొనను బ్యాటరీ నెగెటివ్‌కు తాకించి తాళంచెవి తిప్పించాలి. లైటు వెలిగితే తాళం, న్యూట్రల్ స్విచ్, ఫ్యూజు అన్నీ నిర్దోషులు. లోపం సొలినాయిడ్‌లోనో దాని ఎర్త్‌లోనో ఉంది. వెలగకపోతే లోపం అంతకు ముందే ఉంది. ఒక్కొక్క అతుకు వెనక్కి వెళుతూ లైటు ఎక్కడ మొదటిసారి వెలుగుతుందో చూడాలి. వెలిగిన చోటుకూ వెలగని చోటుకూ మధ్యనే లోపం ఉంటుంది.

సొలినాయిడ్ మీది రెండు పెద్ద బోల్టులను స్క్రూడ్రైవరుతో కలిపి సెల్ఫ్ తిప్పే పద్ధతి రేవులలో బాగా వాడుకలో ఉంది. దీనిని నేను సమర్థించను. అది పెద్ద నిప్పురవ్వను పుట్టిస్తుంది, పైగా న్యూట్రల్ రక్షణను దాటిపోతుంది. ఇంజను గేరులో ఉండి అందుకుంటే బోటు ఒక్కసారిగా ముందుకు ఉరుకుతుంది, వంగి నిలుచున్న మనిషి నీళ్లలో ఫ్యాను (ప్రొపెల్లరు) దగ్గర పడతాడు.

టకటకమని వరుసగా శబ్దం వస్తుంటే వోల్టేజి పడిపోతోందని అర్థం. సొలినాయిడ్ అందుకున్న వెంటనే సెల్ఫ్ లాగే కరెంటుకు వోల్టేజి కుంగి అది వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి లేచి మళ్లీ అందుకుంటుంది. ఒకే ఒక్క టక్ వచ్చి నిశ్శబ్దమైతే సొలినాయిడ్ అందుకుంటోంది గాని పెద్ద కరెంటు సెల్ఫ్‌కు వెళ్లడం లేదు. లేదా సెల్ఫ్ పట్టేసి ఉంది. లేదా ఇంజనే పట్టేసి ఉంది. ఈ చివరిదానిని ముందు తోసిపుచ్చాలి. కిల్ క్లిప్పు తీసి, ప్లగ్గులు విప్పి, ఫ్లైవీలును చేత్తో తిప్పి చూస్తే తేలిపోతుంది. సెల్ఫ్ తిరుగుతోంది గాని నీరసంగా, ఈడుస్తూ తిరిగితే అది కూడా వోల్టేజి సంగతే. చురుగ్గా తిరిగి కూడా ఇంజను అందుకోకపోతే బ్యాటరీ జోలికి వెళ్లనక్కరలేదు. పెట్రోలు, స్పార్కు విభాగానికి వెళ్లవచ్చు.

ఏ సందర్భంలోనూ సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి ఏకబిగిన తిప్పకూడదు. ఆ మోటారు కొద్ది క్షణాల పనికి చేసినది, చల్లారడానికి ఒకటి రెండు నిమిషాలు ఇవ్వాలి.

బ్యాటరీని రెండు విధాలుగా అడగాలి

చార్జింగు ఆపి కొన్ని గంటలు గడిచిన లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులు గాని అంతకు కాస్త ఎక్కువ గాని చూపితే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గర సుమారు సగం ఉన్నట్టు, 12.0 కిందికి వస్తే దాదాపు ఖాళీ అయినట్టు. ఇది మొదటి ప్రశ్న. దీనికి వచ్చిన జవాబును నమ్మి ఆగిపోవడమే అందరూ చేసే తప్పు. ముసలి బ్యాటరీ ఖాళీగా కూర్చున్నప్పుడు 12.6 చూపి, పని చెప్పగానే చతికిలబడుతుంది.

రెండో ప్రశ్న పని చేయిస్తూ అడగాలి. మీటరు మొనలను బ్యాటరీ క్లాంపులకు కాకుండా సీసపు కొనలకే నేరుగా ఆనించి, సెల్ఫ్ తిప్పించాలి. కిల్ క్లిప్పు తీసి ఉంచితే చాలా ఇంజనులలో సెల్ఫ్ తిరుగుతుంది గాని ఇంజను అందుకోదు, కొలతకు అదే అనుకూలం. తిరుగుతున్నంతసేపూ 10 వోల్టులకు పైన నిలిస్తే బ్యాటరీ గట్టిది. 9.6 కిందికి జారుతుంటే అది దిగిపోయి అయినా ఉండాలి, చెడిపోయి అయినా ఉండాలి. పూర్తిగా చార్జి చేసి మళ్లీ కొలిచినా అలాగే జారితే కొత్తది కొనవలసిందే.

మూతలున్న బ్యాటరీ అయితే, అందులోని యాసిడ్ గ్రావిటీని (సాంద్రతను) కొలిచే హైడ్రోమీటరు ఇంకా స్పష్టంగా చెబుతుంది. నిండు చార్జిలో ఆరు అరలలోనూ గ్రావిటీ 1.240 నుంచి 1.280 మధ్య, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఐదు అరలు బాగుండి ఒకటి మాత్రం బాగా తక్కువ చూపితే ఆ అర చచ్చినట్టు. ఎంత చార్జి చేసినా అది లేవదు. నీటి మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి. బోరు నీళ్లు, వాన నీళ్లు పోసి బ్యాటరీని పాడు చేసుకున్నవారికి లెక్కలేదు.

రెండు నెలలు కదపకుండా వదిలిన బ్యాటరీ తనంతట తానే దిగుతుంది, వేసవి వేడిలో మరింత త్వరగా దిగుతుంది. దిగిన స్థితిలో ఎక్కువ కాలం ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తరువాత చార్జి చేసినా పూర్వపు బలం రాదు.

వోల్టేజి ఎక్కడ పోతోంది?

బ్యాటరీ నిలిచింది, సెల్ఫ్ మాత్రం ఈడుస్తోంది అన్నప్పుడే అసలైన వెతుకులాట మొదలవుతుంది. సెల్ఫ్ మోటారు లాగే కరెంటు వంద ఆంపియర్లు అనుకుందాం. దారిలో ఒక్క అతుకు దగ్గర ఓములో వందో వంతు అడ్డు ఉంటే అక్కడే ఒక వోల్టు పోతుంది. అటువంటివి మూడు ఉంటే మూడు వోల్టులు పోతాయి. ఓములో వందో వంతును మామూలు మీటరు కొలవలేదు. తీగను విప్పి ఓముల స్థానంలో పెట్టి చూస్తే సున్నా చూపుతుంది, మెకానిక్ దానిని బాగుందని పక్కన పెడతాడు. అందుకే అడ్డును కాకుండా, కరెంటు పారుతున్నప్పుడు ఆ అతుకు మింగే వోల్టేజిని కొలవాలి.

మీటరును డీసీ వోల్టుల స్థానంలో ఉంచి, ఒక మొనను బ్యాటరీ పాజిటివ్ సీసపు కొన మీద, రెండో మొనను సెల్ఫ్ మోటారు మీది పెద్ద బోల్టు కొన మీద ఆనించాలి. సెల్ఫ్ తిప్పక ముందు కనిపించే అంకెను పట్టించుకోనక్కరలేదు. తిరుగుతున్నప్పుడు మీటరు చూపేది ఆ రెండు చోట్ల మధ్య దారిలో పోయిన వోల్టేజి. అర వోల్టు లోపల ఉంటే పాజిటివ్ దారి బాగున్నట్టు. ఎక్కువ ఉంటే మొనను ఒక్కొక్క మెట్టు బ్యాటరీ వైపు జరపాలి: సొలినాయిడ్ అవతలి బోల్టు, ఇవతలి బోల్టు, మెయిన్ స్విచ్ రెండు కొనలు, చివరకు బ్యాటరీ క్లాంపు. ఏ మెట్టు దగ్గర అంకె ఒక్కసారిగా పడిపోయిందో, పోయిన వోల్టేజి అంతకు ముందరి మెట్టులో ఉంది. సీసపు కొనకూ దాని మీద బిగించిన క్లాంపుకూ మధ్యనే ఒక వోల్టు దొరకడం అరుదు కాదు. రెండూ ఒకదాన్నొకటి తాకుతూ మెరుస్తూ కనిపిస్తాయి. మధ్యలో కంటికి ఆనని పొర ఉంటుంది.

తరువాత ఎర్త్ వైపు. ఒక మొన బ్యాటరీ నెగెటివ్ సీసపు కొన మీద, రెండోది సెల్ఫ్ మోటారు తొడుగు మీద రంగు గీకిన చోట. ఇక్కడా అర వోల్టే హద్దు. ఈ వైపును చాలామంది కొలవనే కొలవరు, లోపం ఎక్కువగా దొరికేది మాత్రం ఇక్కడే. నాకు బాగా తెలిసిన ఒక బోటుకు ఒకే సీజనులో రెండుసార్లు సెల్ఫ్ మోటారు మార్చారు. మార్చినప్పుడల్లా కొద్ది రోజులు బాగా పని చేసేది, ఎందుకంటే మోటారు విప్పి బిగించడంలో పక్కనే ఉన్న ఎర్త్ బోల్టు కాస్త కదిలేది. మూడోసారి ఎర్త్ వైపు కొలిస్తే రెండు వోల్టులకు పైగా పోతోంది. ఆ బోల్టు విప్పి, గీకి, బిగించడానికి పట్టింది పావుగంట.

అతుకును బాగు చేయడమంటే

పైపైన నూనె రాసి, బోల్టు మరొక చుట్టు బిగించడం బాగు చేయడం కాదు. తీగను పూర్తిగా విప్పి, తాకే రెండు ముఖాలనూ ఉప్పు కాగితంతో లోహం మెరిసే దాకా గీకి, ఆరబెట్టి, గట్టిగా బిగించిన తరువాతే పైన గ్రీజు గాని పెట్రోలియం జెల్లీ గాని పూయాలి. గ్రీజు ఉప్పుగాలిని ఆపడానికే తప్ప కరెంటును మోయడానికి కాదు కాబట్టి ముఖాల మధ్య కాదు, బిగింపు మీద ఉండాలి. బ్యాటరీ కొనల మీద పేరుకున్న తెల్లని పొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపిన వంటసోడాతో కడగవచ్చు, ఆ నీళ్లు అరలలోకి పోకుండా మూతలు బిగించి ఉండాలి. రెక్కల నట్లు అలల కుదుపుకు వదులవుతాయి. వాటికి బదులు లోపల నైలాను వలయం ఉన్న నట్లు వాడి పానాతో బిగించాలి.

తీగ కొనను పరీక్షించడానికి తొడుగును అంగుళం మేర వెనక్కి కోసి చూడాలి. రాగి పోగులు ఎర్రగా మెరిస్తే మంచిది. నల్లబడి, చేత్తో నలిపితే పొడిగా రాలితే ఉప్పునీరు పోగుల మధ్యనుంచి లోపలికి పాకింది; మెరిసే రాగి కనిపించేదాకా కోసివేయాలి. ఒక్కొక్కసారి అడుగు పొడవు కోసినా నలుపు పోదు, అప్పుడు మొత్తం తీగనే మార్చాలి. కొత్త తీగకు తగరం పూత ఉన్న రాగి పోగులు దొరికితే తీసుకోవాలి, ఇళ్లకు వాడే మామూలు తీగ సముద్రం మీద ఎక్కువ కాలం నిలవదు. పాత తీగ కంటే సన్నది వేయకూడదు. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు నాలుగు ప్రయాణాలకు కూడా ఆగదు. టేపు లోపలికి నీటిని రానిస్తుంది గాని పోనివ్వదు. టెర్మినల్‌ను సరైన పనిముట్టుతో నొక్కి, లోపల జిగురు ఉండి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, కాచి మూయడమే సరైన పద్ధతి.

సెల్ఫ్ చురుగ్గా తిరిగి కూడా అందుకోకపోతే

మొదట మళ్లీ కిల్ క్లిప్పే. చాలా అవుట్‌బోర్డులలో క్లిప్పు లేకపోయినా సెల్ఫ్ తిరుగుతుంది, స్పార్కు మాత్రం రాదు. అందువల్ల లోపం ఎక్కడో లోతుగా ఉందన్న భ్రమ కలుగుతుంది.

తరువాత పెట్రోలు. ట్యాంకు మూత మీది గాలి మర తెరిచి ఉండాలి. అది మూసి ఉంటే ఇంజను అందుకుని, కొద్ది నిమిషాలు నడిచి, రేవు దాటగానే ఆగిపోతుంది. పెట్రోలు గొట్టం మధ్యలో ఉండే రబ్బరు పంపు బంతిని దాని మీది బాణం గుర్తు పైకి ఉండేలా పట్టుకుని పిసకాలి. కొన్ని పిసుకులకు గట్టిపడితే కార్బొరేటరు దాకా పెట్రోలు చేరింది. ఎంతసేపటికీ గట్టిపడకపోతే గొట్టంలోకి గాలి చొరబడుతోంది, లేదా బంతి లోపలి కవాటం పోయింది. నొక్కుకుపోయి మళ్లీ ఉబ్బకపోతే ట్యాంకు వైపు మూసుకుపోయింది.

నిలవ పెట్రోలును అనుమానించాలి. ఇప్పుడు బంకులలో వచ్చేది ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. సముద్రం పక్కన సగం ఖాళీ ట్యాంకులో రెండు నెలలు ఉంటే నీరు పెరిగి, ఒక హద్దు దాటాక ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఇంజను పీల్చేది అడుగునుంచే. టూస్ట్రోకు ఇంజనులో అయితే మరో ప్రమాదం ఉంది: కలిపిన ఆయిల్ పై పొరలోని పెట్రోలులోనే ఉండిపోతుంది, అడుగు పొరతో ఇంజనుకు జిడ్డు అందదు. ఫిల్టరు గిన్నెలోనిదీ ట్యాంకు అడుగుదీ ఒక గాజు సీసాలోకి తీసి అరగంట కదపకుండా ఉంచితే రెండు పొరలు విడిగా కనిపిస్తాయి. అలా కనిపిస్తే వడకట్టి వాడడానికి ప్రయత్నించకూడదు. మొత్తం తీసివేసి తాజాది పోయాలి. టూస్ట్రోకుకు తయారీదారు 50కి 1 పాలు చెప్పి ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి.

ఇక ప్లగ్గు విప్పి చూస్తే అది తానే చెబుతుంది. పొడిగా ఉంటే పెట్రోలు సిలిండరుకు చేరడం లేదు. పెట్రోలుతో తడిసి ఉంటే స్పార్కు లేదు, లేదా చోకు ఎక్కువై పెట్రోలు ముంచేసింది. ముంచేసినప్పుడు ప్లగ్గులు తుడిచి ఆరబెట్టి, చోకు పూర్తిగా తీసి, త్రోటిల్ తెరిచి కొద్దిసేపు సెల్ఫ్ తిప్పితే అందుకుంటుంది. అందుకున్న క్షణాన త్రోటిల్ తగ్గించడం మరువరాదు. చోకు వేసినంతసేపు నడిచి, తీయగానే ఆగిపోతే కార్బొరేటరులోని సన్నని జెట్టులో ఎండిన పెట్రోలు జిగురు కట్టింది, దానిని విప్పి శుభ్రం చేయాలి.

స్పార్కు పరీక్షకు ప్లగ్గును దాని టోపీలో ఉంచి, లోహపు భాగాన్ని సిలిండరు రంధ్రానికి దూరంగా ఇంజను దిమ్మకు గట్టిగా ఆనించి సెల్ఫ్ తిప్పించాలి. తెరిచిన రంధ్రంలోనుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది కాబట్టి దూరం తప్పనిసరి. ఈ పరీక్షకు కిల్ క్లిప్పు పెట్టి ఉండాలి. ప్లగ్గు టోపీలను గాలిలో వేలాడదీసి ఇంజను తిప్పకూడదు, సీడీఐ యూనిట్ (స్పార్కుకు కరెంటు పంపే ఎలక్ట్రానిక్ పెట్టె) కాలిపోవచ్చు. నీలంగా, చటచటమని స్పార్కు వస్తే స్పార్కు విభాగం బాగుంది. ఏ ప్లగ్గుకూ రాకపోతే, సీడీఐ కొనడానికి ముందు కిల్ తీగను అనుమానించాలి. చాలా ఇంజనులలో ఆ తీగ ఎర్త్‌కు తాకితే స్పార్కు ఆగిపోతుంది. తాళం గాని క్లిప్పు స్విచ్ గాని చేసే పని అదే. తీగ ఎక్కడైనా ఒరుసుకుని తొడుగు పోయి ఇంజనుకు తగిలితే, ఎవరూ ఆపకుండానే ఇంజను ఆగిపోయినట్టు. మాన్యువల్‌లోని చిత్రం చూసి ఆ తీగను సీడీఐ దగ్గర విప్పి మళ్లీ పరీక్షించాలి. స్పార్కు వస్తే లోపం తీగలోనో స్విచ్‌లలోనో ఉంది, ఖరీదైన యూనిట్‌లో లేదు. అయితే ఆ తీగ విప్పి ఉన్నంతసేపు ఇంజనును తాళంతో ఆపలేరు, చోకు వేసో పెట్రోలు గొట్టం తీసో ఆపాలి. అటువంటి బోటును నీటిలోకి తీసుకుపోకూడదు.

ఒక్క ప్లగ్గుకే రాకపోతే రెండు ప్లగ్గులను మార్చి పెట్టి చూడాలి. లోపం ప్లగ్గుతో పాటు జరిగితే ప్లగ్గుదే. అక్కడే ఉండిపోతే కాయిల్‌దో తీగదో.

ఇంజను నడుస్తుంది, మరునాటికి బ్యాటరీ ఉండదు

ఇందుకు రెండు కారణాలుంటాయి: చార్జి కావడం లేదు, లేదా రాత్రిపూట ఏదో లాగుతోంది. ఇంజనును నిమిషానికి 1500 నుంచి 2000 చుట్ల మధ్య నడుపుతూ బ్యాటరీ కొనల దగ్గర కొలిస్తే 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. అంకె పెరగకపోతే రెక్టిఫయరు రెగ్యులేటరు (ఇంజను పుట్టించే కరెంటును బ్యాటరీకి తగినట్టు మార్చి పంపే భాగం), దాని ఫ్యూజు, దాని అతుకులు చూడాలి. 15 దాటితే రెగ్యులేటరు చెడి బ్యాటరీని ఉడికిస్తోంది. ఒడ్డున ఈ పరీక్ష చేసేటప్పుడు ఇంజనుకు నీళ్లు అందుతుండాలి, నీళ్ల డ్రమ్ములో దించి నడపవచ్చు. పొడిగా నడిపితే పంపులోని రబ్బరు రెక్కలు కొద్దిసేపటికే కాలిపోతాయి. ఇంజను నడుస్తుండగా మెయిన్ స్విచ్ ఆపడం, బ్యాటరీ తీగ విప్పడం రెక్టిఫయరును చంపే సులువైన మార్గాలు.

రాత్రిపూట లాగేదానిని పట్టుకోవడానికి అన్నీ ఆపి, నెగెటివ్ తీగ విప్పి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరును ఆంపియర్ల స్థానంలో కలపాలి. ఈ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ తిప్పకూడదు, మీటరు పోతుంది. అర ఆంపియరు చూపినా అది రోజుకు 12 ఆంపియర్ గంటలు; 70 ఆంపియర్ గంటల బ్యాటరీ మూడు రోజులకే సగమవుతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఏది తీసినప్పుడు అంకె పడిందో అదే దోషి. మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపిన నీళ్లు తోడే పంపు, దాని తేలే స్విచ్ నా అనుభవంలో ముందు వరుసలో ఉంటాయి. స్విచ్ తేలిన స్థితిలో ఇరుక్కుంటే పంపు నీళ్లు లేకుండా రాత్రంతా తిరుగుతుంది.

నీటి మీద ఉండగా ఆగిపోతే

మొదటి పని ఇంజను కాదు, లంగరు. పాటులో సముద్రం వైపు లాగుకుపోతున్న బోటులో, ముఖద్వారం దగ్గర విరిగే అలల మధ్య ఏ మరమ్మతూ సాగదు. లంగరు వేసి, లైఫ్ జాకెట్లు తొడిగి, లైట్లూ పాటలూ ఆపి బ్యాటరీని మిగుల్చుకోవాలి. ఆ తరువాత క్లిప్పు, న్యూట్రల్, గాలి మర, పంపు బంతి, మెయిన్ స్విచ్, ఫ్యూజు ఈ వరుసలో చూసి, బ్యాటరీ క్లాంపులను చేత్తో మెలితిప్పి చూడాలి. చేతికి కదిలిన క్లాంపు కరెంటును సరిగా మోయదు. దానిని బిగించి మళ్లీ ప్రయత్నించాలి.

బ్యాటరీ దిగిపోయినా తాడుతో లాగి అందించే వీలు చాలా ఇంజనులకు ఉంటుంది, కొన్ని ఇంజెక్షన్ ఇంజనులకు మాత్రం తాడు లాగినా కొంత బ్యాటరీ కావాలి. పై మూత తీసి ఫ్లైవీలుకు తాడు చుట్టి లాగే రకం అయితే, లుంగీ కొంగూ తువ్వాలూ ముందుగా బిగించి కట్టుకోవాలి, లాగేవారి మోచేతి వెనుక ఎవరూ ఉండకూడదు. అందుకున్న తరువాత తిరుగుతున్న చక్రం మీద మూత పెట్టబోవడం ప్రమాదం. రేవు చేరేదాకా దానిని అలాగే వదిలి మనుషులను దూరంగా ఉంచాలి.

అరగంటలో తేలకపోతే చీకటి పడేదాకా ఆగకుండా సాయం అడగాలి. వీహెచ్‌ఎఫ్ సెట్టు (బోట్లలో వాడే రేడియో) ఉంటే 16వ చానల్, ఫోను సిగ్నలు ఉంటే కోస్ట్ గార్డు 1554, తీర భద్రత కోసం మెరైన్ పోలీసుల 1093. వీహెచ్‌ఎఫ్ సెట్టు కూడా అదే బ్యాటరీ మీద నడుస్తుంది కనుక, సెల్ఫ్‌ను తిప్పి తిప్పి చివరి చుక్క కరెంటును కూడా ఖర్చు చేశాక మాట్లాడడానికి ఏమీ మిగలదు.

మళ్లీ ఏప్రిల్ వచ్చినప్పుడు

నిషేధం మొదలయ్యే రోజున బ్యాటరీని విప్పి ఇంటికి తీసుకుపోయి, నిండుగా చార్జి చేసి, నీడలో ఉంచి, నెలకొకసారి మళ్లీ చార్జి పెట్టాలి. ట్యాంకు ఖాళీ చేయాలి. పెట్రోలు గొట్టం తీసి, నీళ్ల డ్రమ్ములో ఇంజనును మంచినీటితో నడుపుతూ తానే ఆగేదాకా ఉంచితే ఉప్పూ పోతుంది, కార్బొరేటరూ ఖాళీ అవుతుంది. తీగల కొనలను విప్పి, గీకి, బిగించి, పైన గ్రీజు పూయాలి. సెల్ఫ్ తిప్పుతూ పాజిటివ్ వైపూ ఎర్త్ వైపూ పోయిన వోల్టేజిని ఒకసారి కొలిచి, ఆ రెండు అంకెలనూ తేదీతో సహా మెయిన్ స్విచ్ పక్కన పెయింటుతో రాసి ఉంచాలి. జూన్ 15న అదే చోట మళ్లీ కొలిచినప్పుడు ఏ వైపు అంకె పెరిగిందో చూస్తే, పానా ముందుగా ఏ బోల్టు మీద పెట్టాలో తెలుస్తుంది.